బండి వీపున ఐదో చక్రం

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో ఓ పావుగంట నిలబడి టీ తాగుతూ, వచ్చేపోయే బండ్లను ఈసారి ముందునుంచి కాకుండా వెనకనుంచి చూడండి. ముందు భాగమంతా కంపెనీవాడిది. వాడెలా చేసిస్తే అలాగే ఉంటుంది. వెనక భాగం మాత్రం ఓనరుది. బొలెరో వెనక తలుపు మీద బండరాయిలా గుండ్రంగా ఓ కవరు కనపడుతుంది. దాని మీద ఒకరికి నరసింహస్వామి, ఇంకొకరికి పులి బొమ్మ, మరొకరికి ఇద్దరు పిల్లల పేర్లు, ఎన్నికల ఏడాదైతే నాయకుడి నవ్వుముఖం. నంద్యాల వైపు వెళ్లే బండి మీద ఒక దేవుడు, చాగలమర్రి వైపు వెళ్లే బండి మీద ఇంకో దేవుడు. అంతమంది దేవుళ్ల వెనక, ఆ కవరు లోపల, ఏముందో ఎవరూ పట్టించుకోరు. అక్కడున్నది ఒక చక్రం. దానికి ఒక పని ఉంది. ఈ వారం ఆ పని గురించి మాట్లాడుకుందాం.

మన ఊళ్లలో దాన్ని స్పేర్ వీల్ అనేవాళ్లు తక్కువ. అందరికీ అది స్టెప్నీయే. ఇంగ్లీషు మాటే కదా అని లండన్ వెళ్లి ఎవరినైనా అడిగితే తెల్లమొహం వేస్తారు. ఆ పేరు పుట్టింది వేల్స్‌లోని లనెల్లి అనే చిన్న పట్నంలో. 1904లో అక్కడి డేవిస్ సోదరులు స్టెప్నీ స్ట్రీట్‌లో ఉన్న తమ దుకాణంలో ఒక విచిత్రమైన చక్రం తయారు చేశారు. దానికి పుల్లలు లేవు, మధ్యలో ఇరుసు లేదు. ఒట్టి రిమ్ము, దానిమీద గాలి కొట్టిన టైరు. దారిలో పంక్చరైతే పాత చక్రం విప్పకుండా, దాని పక్కనే ఈ రిమ్మును బిగించుకుని ఇల్లు చేరడమే. అంతకుముందు కారున్నవాళ్లు రోడ్డు పక్కన కూర్చుని, టైరు పీకి, ట్యూబు తీసి, అతుకేసి, మళ్లీ గాలి కొట్టుకునేవాళ్లు. అదో అరపూట పని. వేల్స్‌లో ఆ చక్రం పోయింది, ఆ పేరూ పోయింది. మన దేశంలో, బంగ్లాదేశ్‌లో, ఎక్కడో మాల్టాలో మాత్రం నిలిచింది. బ్రెజిల్‌వాళ్లు దాన్నే 'ఎస్తెపే' అంటారు. మనవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి క్రికెట్ జట్టులో పన్నెండోవాడినీ స్టెప్నీ అన్నారు. ఆఫీసులో ఎవరు సెలవు పెడితే వాళ్ల సీట్లో కూర్చునే అమాయకుడినీ స్టెప్నీ అన్నారు. వేరే అర్థాలు కూడా ఉన్నాయి గానీ అవి ఆదివారం పూట మనకెందుకు!

పేరు సంగతి సరే. చక్రాన్ని వెనక్కి తగిలించాలని ఎవరికి తట్టింది? తొలినాళ్ల కార్లలో అది పక్కన, ఫుట్‌బోర్డు మీద ఉండేది. తర్వాత మడ్‌గార్డు గుంటలోకి చేరింది. కొన్నిటికి వెనక్కి పోయింది. ఆ తర్వాత డిక్కీలోకి దూరి మాయమైంది. మళ్లీ దాన్ని బయటికి తెచ్చి, అందరికీ కనపడేలా వీపున కట్టి ఊరేగించింది రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా తయారు చేసిన ఆ చిన్న బండికి డిక్కీ లేదు, వెనక తలుపు లేదు. నలుగురు కూర్చుంటే లోపల ఖాళీ లేదు. అంచేత వెనక రేకుకు ఒకపక్క పెట్రోలు డబ్బా, దాని పక్కనే చక్రం. అందంకోసం పెట్టింది కాదు, ఇంకెక్కడా చోటు లేక పెట్టింది.

ఇంకో తమాషా ఉంది. యుద్ధం అయిపోయి 1945లో అదే జీపును రైతుల కోసం తయారు చేసినప్పుడు వెనక తలుపు పెట్టాల్సి వచ్చింది. బస్తాలు ఎక్కించాలి కదా! తలుపొచ్చింది కాబట్టి చక్రం పక్కకు పోయింది. మన దేశంలో మహీంద్రావాళ్ల పాత జీపుల్లో చాలావాటికి స్టెప్నీ పక్కన రేకుకు వేలాడుతూ కనిపించేది అందుకే. ఇంగ్లండులో 1948లో వచ్చిన ల్యాండ్‌రోవర్ దాన్ని బానెట్ మీదికెక్కించింది. అంటే వెనకే ఉండాలన్న శాస్త్రం ఏమీ లేదు. తలుపుకే చక్రం తగిలించి, తలుపూ తెరుచుకోవాలి చక్రమూ ఉండాలి అన్న ఏర్పాటు తర్వాత వచ్చింది. మన రోడ్ల మీద 1985లో మారుతీ జిప్సీ, 1994లో టాటా సుమో, 1998లో సఫారీ, 2000లో బొలెరో ఆ బాటే పట్టాయి. ఈమధ్య వచ్చిన థార్, జిమ్నీ కూడా అంతే.

కంపెనీలు ఇంత ఇబ్బంది పడి దాన్ని వెనకే ఎందుకు ఉంచాయి? కింద వేలాడదీస్తే పోలేదా? చాలా కార్లకు అలాగే ఉంటుంది. గొలుసుతో దించుకునే ఏర్పాటు. తారురోడ్డు మీద అది బాగానే ఉంటుంది. కానీ వంకలోకి దిగి గట్టెక్కే బండికి అది కుదరదు. వెనక చక్రం నేలను తాకే చోటునుంచి, బండి వెనకభాగంలో అన్నిటికన్నా కిందున్న అంచుకు ఒక గీత గీయండి. ఆ గీత నేలతో ఎంత నిటారుగా ఉంటే అంత నిటారైన గట్టును బండి తోక తగలకుండా ఎక్కుతుంది. కింద స్టెప్నీ వేలాడుతుంటే ఆ గీత పడుకుంటుంది. ముందు చక్రాలు గట్టెక్కుతాయి, వెనక స్టెప్నీ గట్టులో గుచ్చుకుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. బురదలో ఇరుసుదాకా కూరుకుపోయిన బండికి కిందున్న చక్రాన్ని బయటికి ఎలా తీస్తారు? దాన్ని దించాలంటే బండి లేవాలి, బండి లేవాలంటే అది దిగాలి. అదే వీపునుంటే మూడు నట్లు విప్పితే చేతికొస్తుంది.

ఇదంతా పుస్తకాల్లో చదివి తలూపడం ఒక ఎత్తు. నంద్యాల జిల్లాలో ఉంటే కళ్లారా చూడొచ్చు. ఆళ్లగడ్డనుంచి పాతిక కిలోమీటర్లు పోతే అహోబిలం. దిగువ అహోబిలం, ఎగువ అహోబిలం దాకా బస్సు పోతుంది. నవ నారసింహుల్లో కొందరిని చూడాలంటే కాళ్లకు పని చెప్పాలి. పావన నరసింహస్వామి దగ్గరికి మాత్రం నల్లమలలోనుంచి జీపుబాట ఒకటుంది. బాట అని మర్యాదకు అంటున్నాం. అది కొంతదూరం వంక, కొంతదూరం బండ, కొంతదూరం రెండు చెట్ల మధ్య సందు. పైనున్నవాళ్లు కడ్డీ పట్టుకోకపోతే ఒకరి ఒళ్లో ఒకరు పడతారు. ఆరేడు కిలోమీటర్లకు పట్టే సమయంలో హైవే మీద ఆళ్లగడ్డనుంచి నంద్యాల చేరవచ్చు. పదునుగా లేచిన రాళ్లు టైరు అడుగుకు కాదు, పక్క చెంపకు తగులుతాయి. అడుగున మేకు గుచ్చుకుంటే అతుకు పడుతుంది. చెంప చీలితే ఆ టైరు పని అయిపోయినట్టే.

అక్కడి జీపుల వెనక చూడండి. కవర్లు ఉండవు. పులి బొమ్మలు ఉండవు. ఎండకు వెలిసి, మట్టి కొట్టుకుపోయి, అయినా గాలి నిండుగా ఉన్న నల్లటి చక్రం ఉంటుంది. "ఆ స్టెప్నీ తీసేస్తే వెనక ఇంకో ఇద్దరు నిలబడొచ్చు కదన్నా" అని ఓ భక్తుడు లెక్క చెబితే డ్రైవరు నవ్వి, "యాడన్నా మధ్యలో ఆగిపోతే మన దిక్కు అదే సామీ, ఆ ఇద్దరు గాదు" అన్నాడట. ఇలాంటి ఎరుక పట్నంలో కొత్త బండి కొన్నవాళ్లకు ఒకంతట రాదు. వాళ్ల బండి పోయే దారిలో ప్రతి రెండు కిలోమీటర్లకో పంక్చర్ షాపు ఉంటుంది మరి.

రాయలసీమ బండ్ల గురించి మాట్లాడుతూ సినిమా ఊసెత్తకపోతే పాఠకులు ఒప్పుకోరు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చిన దగ్గర్నుంచీ ఓ నాలుగైదేళ్లపాటు మన తెర మీద సుమోలు పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. వరసగా దుమ్ము రేపుకుంటూ వచ్చేవి, ఆగేవి, తలుపులన్నీ ఒకేసారి తెరుచుకునేవి, చివరికి గాల్లోకి లేచి కాలిపోయేవి. అంతటి రాళ్లదారుల్లో అన్ని సుమోలు తిరిగినా ఒక్కదానికీ పంక్చర్ పడలేదు! నిజం సుమో అలాంటిది కాదు పాపం. అది పెళ్లిళ్లకు తిరిగింది, ఆస్పత్రులకు తిరిగింది, తిరుపతికి తిరిగింది. టాటా కంపెనీ పెద్ద సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని తొలి అక్షరాలు కలిపి దానికా పేరు పెట్టారు. కుస్తీవీరుడికీ దానికీ సంబంధం లేదు. పాతికేళ్లు నడిచి 2019లో తయారీ ఆగిపోయింది. సినిమా మాత్రం ఒక పని చేసింది. వెనక చక్రం ఉన్న బండి అంటే 'మొనగాడి బండి' అన్న ముద్ర వేసింది. ఆ ముద్ర సీమకు ఎంత చెడ్డపేరు తెచ్చిందో ఇక్కడివాళ్లను అడిగితే చెబుతారు. బండ్ల కంపెనీలకు మాత్రం అది కలిసొచ్చింది.

ముద్ర పడ్డాక వస్తువు పని మారిపోతుంది. ఇది మనదగ్గరే కాదు. అమెరికాలో 1940లో లింకన్ కాంటినెంటల్ అనే ఖరీదైన కారు వచ్చింది. దాని వెనక స్టెప్నీ బయటికి కనపడేలా నిలబెట్టారు. అది దొరల కారు కాబట్టి, 1950లలో మామూలు కార్లవాళ్లు కూడా డిక్కీలో ఉన్న చక్రాన్ని తీసి వెనక బంపరు మీద అలంకారంగా బిగించుకున్నారు. దాంతో కారు పొడవు పెరిగింది, డిక్కీలో సామాను పెట్టాలంటే చక్రం మీదుగా వంగాల్సి వచ్చింది. కొందరైతే చక్రమే లేకుండా ఒట్టి గుండ్రటి రేకు డొప్ప తగిలించుకున్నారు. మనం ఇంకా అక్కడిదాకా పోలేదు. కానీ గాలిలేని చక్రానికీ ఒట్టి డొప్పకూ తేడా ఎంత?

ఇక అసలు సంగతి. వీపున చక్రం మోయడం ఊరికే రాదు, దానికి బండి మూల్యం చెల్లిస్తుంది. ఇలాంటి బండ్ల చక్రం రిమ్ముతో కలిపి పాతిక ముప్ఫై కిలోలుంటుంది. అంటే అర బస్తా సిమెంటు. దాన్ని ఒక తలుపుకు, ఆ తలుపును ఒకపక్కన రెండు బందులకు వేలాడదీశాం. మన ఇంట్లో దర్వాజాకు అర బస్తా సిమెంటు కట్టి రోజుకు పదిసార్లు తీసి వేయండి, ఎన్నాళ్లుంటుందో చూద్దాం. గుంటలో పడ్డ ప్రతిసారీ ఆ బరువు కిందికి గుంజుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ తలుపు జారుతుంది, గొళ్లెం సరిగ్గా పడదు, లోపలికి దుమ్మొస్తుంది. మొదట 'టకటక' అని, తర్వాత 'దడదడ' అని చప్పుడు. ఆ చప్పుడు వినపడగానే బందులు బిగించుకుంటే అయిపోతుంది. చాలామంది పాట వాల్యూం పెంచుతారు.

నాలుగు చక్రాలు మార్చి లావు టైర్లు వేయించేవాళ్ల సంగతి మరీ అన్యాయం. స్టెప్నీని కూడా అదే లావుకు మారిస్తే దాని బరువుకు తలుపు తట్టుకోదు. అందుకే తెలిసినవాళ్లు చట్రానికి బిగించే విడి స్టాండు పెట్టిస్తారు. మార్చకుండా పాతదే ఉంచితే నాలుగు ఒక కొలత, ఐదోది ఇంకో కొలత. అవసరానికి అది వేసుకుని మెల్లగా ఊరు చేరవచ్చు. కానీ ఆ స్థితిలో ఫోర్ వీల్ లివరు వేసి గట్టి రోడ్డు మీద నడిపితే చిన్న చక్రం ఎక్కువ తిరగాలి, పెద్దది తక్కువ తిరగాలి. ఆ పేచీ గేర్ల మధ్యకు పోతుంది. బిల్లు తర్వాత వస్తుంది.

వెనకనుంచి గుద్దితే ఇంకో తంటా. మామూలు కారుకు చిన్న దెబ్బ బంపరు మీద పడుతుంది. వీటికి బంపరుకన్నా ముందు చక్రం తగులుతుంది. దాని వెనక తలుపు రేకు, ఆ పైన అద్దం. అమెరికాలో బీమా కంపెనీలు నడిపే రహదారి భద్రతా సంస్థ 1990లలో గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఇలాంటి బండ్లను వెనక్కి నడిపి స్తంభానికి తగిలించి చూసింది. మనిషి నడకకన్నా కాస్త ఎక్కువ వేగం అంతే. తలుపులు లోపలికి పోయాయి, కొన్నిటికి అద్దాలు పగిలాయి. సంతలో రివర్సు తీస్తూ గోడకు తగిలించుకున్నవాళ్లకు ఈ పరీక్ష గురించి చెప్పక్కర్లేదు. వెనక చూపు ఎటూ సగమే. అద్దంలో కింది సగం చక్రమే కనిపిస్తుంది. ఆ సగంలోనే చిన్నపిల్లలు ఉంటారు.

డబ్బు నష్టం కాబట్టి ఇవన్నీ ఎలాగో సర్దుకుంటాం. సర్దుకోలేనిది ఒకటుంది. తిరునాళ్లకో పెళ్లికో పోయే బండ్ల వెనక కాళ్లు బంపరు మీద, చేతులు స్టెప్నీ మీద పెట్టి నిలబడే కుర్రవాళ్లు. లోపల పదిహేనుమంది, వెనక నలుగురు. స్టెప్నీ కవరు నున్నగా ఉంటుంది, చెమట చేతికి జారుతుంది. దాన్ని బిగించింది చక్రం బరువు మోయడానికి, మనుషుల బరువుకు కాదు. మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ బండి లోపల తప్ప ఫుట్‌బోర్డు మీద, పైన, ముందు ఎవరినీ తీసుకుపోకూడదంటుంది. చట్టం చెప్పడం వేరు, అహోబిలం బ్రహ్మోత్సవాల నాడు ఆ కూడలిలో నిలబడి చూడడం వేరు. కుర్రాడు జారిపడితే వాడి వెనక వచ్చే బండికి అతడు కనిపించేసరికి ఎంత దూరం ఉంటుందో ఒక్కసారి లెక్క వేయండి.

ఇప్పుడు అవసరం పడ్డ రాత్రి సంగతి చూద్దాం. నంద్యాలనుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. పాత 18వ నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 40. నాలుగు వరుసల రోడ్డు, కర్నూలునుంచి కడప పోయే లారీలన్నీ దీనిమీదే. సిరివెళ్ల దాటాక టైరు పోయిందనుకోండి. కిందకు దిగుతారు. స్టెప్నీ వెనక ఉంది కదా అని బండి వెనక నిలబడతారు. అంటే లారీలకు వీపు చూపించి నిలబడ్డారన్నమాట. మీ ఒళ్లే ఒక టెయిల్ లైటును కప్పేస్తుంది. నట్టు బిగుసుకుపోయి ఉంటే ఐదు నిమిషాలు అక్కడే. వీపున చక్రం ఉన్న బండికున్న అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదేనని నా అభిప్రాయం. దీని గురించి ఏ షోరూంవాడూ చెప్పడు. ఎర్ర త్రికోణం బండితో పాటే ఇస్తారు. చాలా ఇళ్లలో అది ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా సీటు కింద పడుంటుంది. ముందు దాన్ని తీసుకెళ్లి యాభై అడుగులు లెక్కపెట్టి వెనక పెట్టాలి. ఇండికేటర్లు నాలుగూ వేయాలి. మిగతావాళ్లను బండిలో కూర్చోబెట్టకుండా రోడ్డు దిగి నిలబడమనాలి. ఆ తర్వాతే స్టెప్నీ.

ఈ రోడ్డు పక్కన కోతలప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంటుంది. ఒక వరుసలో సగం దాకా వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి ఉంటాయి. అంచున రాళ్లు పెడతారు. 2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు వస్తుండగా శోభా నాగిరెడ్డి వాహనం బోల్తా పడిందీ ఈ దారిలోనే. మర్నాడు ఆమె కన్నుమూశారు. రోడ్డు మీది వడ్లకుప్పను తప్పించబోయి బండి అదుపు తప్పిందని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. వారాల తర్వాత ఆళ్లగడ్డ ఓటర్లు చనిపోయిన ఆమెనే గెలిపించారు. ఆ రోడ్డు పక్కన ఆరబోత మాత్రం ఆగలేదు. కళ్లాలు లేని రైతు ఎక్కడికి పోతాడు అన్నది వేరే కథ. రాత్రిపూట టైరు మార్చుకోవడానికి పక్కకు తీసే బండికి ఆ పక్క లేకపోవడం ఈ కథ.

హైవే దిగితే నేల ఇంకో రకంగా పరీక్ష పెడుతుంది. నంద్యాల చుట్టుపక్కలంతా నల్లరేగడి. ఎండాకాలం రాయిలా ఉంటుంది, నాలుగు చినుకులు పడితే వెన్నలా అవుతుంది. దానిమీద జాకీ పెట్టి తిప్పితే బండి పైకి లేవదు, జాకీ కిందికి పోతుంది. జానెడు వెడల్పున్న చెక్క ముక్క ఒకటి జాకీ కింద వేస్తే తేడా మీకే తెలుస్తుంది. ఈ ముక్క కంపెనీవాడు ఇవ్వడు, వడ్రంగి దగ్గర ఊరికే దొరుకుతుంది. పంట కాలువల గట్ల మీద తుమ్మముళ్ల సంగతి సరేసరి. అవి బండి టైరుకూ సైకిలు టైరుకూ తేడా చూడవు.

ఇక నంద్యాలనుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాట్. గాజులపల్లె దాటి అడవిలోకి దిగాక దిగువమెట్ట వచ్చేదాకా షాపు లేదు, చాలాచోట్ల ఫోను పలకదు. 2024లో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణం పోయింది. ఆ రోడ్డు మలుపులో చీకట్లో దిగి, స్టెప్నీ విప్పి, నేలకేసి కొడితే 'టప్' మనకుండా 'దబ్' మన్నదనుకోండి. గాలి లేదు. ఎన్నేళ్లనుంచి లేదో తెలియదు. వీపున దేవుడి బొమ్మతో సహా ఇన్నాళ్లు మోసుకొచ్చింది దాన్నే.

గాలి ఎందుకు పోతుంది, అది తిరగలేదు కదా అంటారు. తిరగకపోయినా పోతుంది. రబ్బరుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నెలకు ఒకటి రెండు పాయింట్లు అలా కరిగిపోతాయి. ఏడాది చూడకపోతే 32 పాయింట్ల టైరు 15కు దిగడం వింతేమీ కాదు. అందుకే స్టెప్నీలో మిగతావాటికన్నా నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టించమంటారు. వేసేటప్పుడు కొంచెం తీసేయడం సులువు, అడవిలో కొట్టించడం కష్టం. రెండోది ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు నంద్యాల. డిక్కీలో ఉన్న చక్రానికి ఎండ తగలదు. వీపున ఉన్నదానికి పొద్దస్తమానం తగులుతుంది. వాడకపోయినా రబ్బరు గట్టిపడి సన్నని నెర్రెలు పడుతుంది. కవరు వేస్తే ఎండ ఆగుతుంది నిజమే, కానీ వానకు లోపల నీళ్లు నిలిచి రిమ్ము తుప్పు పడుతుంది. అడుగున రెండు చిల్లులు లేని కవరు కొనకండి. టైరు వయసు తెలుసుకోవడానికి జాతకం అక్కర్లేదు. చెంప మీద నాలుగంకెలు అచ్చేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని అర్థం. బండి నాలుగు టైర్లూ రెండుసార్లు మారి, ఐదోది మాత్రం షోరూంనుంచి వచ్చినప్పటిదే ఉన్న బండ్లు ఎన్నో. చూడ్డానికి గీతలన్నీ కొత్తగా ఉంటాయి. దాన్ని వేసుకుని వందలో పోతే ఏమవుతుందో చెప్పలేం.

దీనికి పాత మెకానిక్కులు చెప్పే ఉపాయం ఒకటుంది. పదివేల కిలోమీటర్లకోసారి టైర్లు అటూ ఇటూ మార్చేటప్పుడు నాలుగింటినే కాకుండా ఐదింటినీ తిప్పడం. స్టెప్నీ కిందికి దిగుతుంది, కిందున్న ఒకటి వీపుకెక్కి విశ్రాంతి తీసుకుంటుంది. ఐదూ ఒకేలా అరుగుతాయి, ఐదు టైర్ల డబ్బు పూర్తిగా వసూలవుతుంది. ఏ ఒక్కటీ ఏళ్ల తరబడి ఎండకు వేలాడదు. నాలుగు అల్లాయ్ చక్రాలు, ఐదోది ఇనుపది అయిన బండికి ఇది కుదరదు. వాటికి నట్లు కూడా వేరుగా ఉండొచ్చు. ఇంటి దగ్గర పగలు ఒకసారి ఆ నట్లు దానికి పడతాయో లేదో వేసి చూసుకోవాలి.

అసలు స్టెప్నీయే వద్దనే కాలం కూడా వచ్చింది. గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద దీపం వెలిగే పరికరం, పంక్చర్ అతికే జిగురు సీసా ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు ఐదో చక్రం తప్పనిసరి కాదని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల కార్లకు ఇది వర్తిస్తుంది. పట్నంలో తిరిగే కారుకు సబబే. బరువు తగ్గుతుంది, డిక్కీలో చోటొస్తుంది. కానీ ఆ జిగురు మేకు చిల్లికి పనిచేస్తుంది. పావన నరసింహుడి బాటలో బండరాయి చెంప కోస్తే ఏ సీసా పనికిరాదు. అటు పోయే బండి వీపున చక్రం ఇంకా చాలాకాలం ఉంటుంది, ఉండాలి కూడా.

నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా గాలి కొట్టే షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. బండి వస్తుంది. కుర్రాడు పైపు పట్టుకుని ముందు రెండు, వెనక రెండు కొడతాడు. డ్రైవరు దిగడు, అద్దంలోనుంచి చిల్లర చాపుతాడు. కుర్రాడు వీపున ఉన్నదానివైపు చూసి "అన్నా, స్టెప్నీకి?" అంటాడు. కవరుకు చిన్న తాళం. తాళంచెవి ఇంట్లో ఉంటుంది. "ఈసారి చూద్దాంలే" అని బండి గిద్దలూరు రోడ్డు పడుతుంది.